గంజి పోసిన కలబంద

ఈమధ్య జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు, వేళ్లకు నల్లదారం కట్టిన కలబంద మొక్కల గుత్తిని భుజాన వేసుకున్న ఒకామె వచ్చి, అందులో ఒకదాన్ని నా మొహం ముందు తలకిందులుగా ఆడించింది. "గుమ్మానికి కట్టుకో అక్కా, దిష్టి తగలది" అంది. నేను వద్దని తల ఊపేలోగా లైటు మారింది, ఆటో ముందుకు దూకింది, మొక్క ఆటో కడ్డీకి రాసుకుని ఒక మట్ట పుటుక్కున విరిగి నా ఒళ్లో పడింది. విరిగినచోట ముందు పసుపుపచ్చ పసరు, దాని వెనక జిగురుగా గుజ్జు కారాయి. చేదుకు కూడా వాసన ఉంటుందని కలబందల మధ్య పెరిగినవాళ్లకే తెలుస్తుంది. ఇంటికొచ్చి సబ్బుతో చేతులు కడుక్కున్నాక కూడా అన్నం కలుపుకుంటుంటే ఆ వాసన మళ్లీ వచ్చింది. దాని వెంటే మా గల్లీ, మా నాన్న, యాదగిరి మామ, మా అమ్మ చేసిన ఆ పని, అన్నీ వచ్చాయి.

మా ఇల్లు ఫిలింనగర్ బస్తీలో, బంగళాలు ఎక్కి కూర్చున్న గుట్టకు దిగువన ఉండేది. హైటెక్ సిటీ వైపు కొత్త రోడ్లు పడుతున్న రోజులవి. కంప్యూటర్ ఉద్యోగాలవాళ్లూ సినిమావాళ్లూ పోటీలు పడి ఇళ్లు కట్టుకుంటుంటే, మేం పుట్టకముందు నుంచీ ఒకదాని మీద ఒకటి నిలబడి ఉన్న రాతిగుండ్లు ఒక్కొక్కటే పేలిపోతుండేవి. మధ్యాహ్నం అన్నాల వేళకు ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఈల వేస్తూ గల్లీలో పరిగెత్తేవాడు. పిల్లలం కంచాలతో సహా మంచాల కిందికి దూరేవాళ్లం. నేల ఒక్కసారి ఎగిరి పడేది, ఆ తర్వాత కాసేపు రేకుల కప్పుల మీద రాళ్లవాన కురిసేది, కూరలో దుమ్ము పడేది. ఒకసారి కొబ్బరికాయంత రాయి వచ్చి పక్కింటివాళ్ల మేక నడుం విరిచింది. ఆ ఇంటాయన అదే రాయి చేత్తో పట్టుకుని గుట్ట మీదికి పోయి మేస్త్రీ తల పగలగొట్టి వచ్చాడు. ఆ మేకనే కోసుకుని అందరం కూర వండుకున్నాం. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ వస్తే ఆడవాళ్లు బిందెలతో కొట్టుకునేవాళ్లు. సొట్ట పడని బిందె మా గల్లీలో ఏ ఇంట్లోనూ ఉండేది కాదు.

ఇక మగవాళ్లకు కొట్టించుకోవడమే ఉద్యోగం. మా గల్లీలో సగానికి పైగా ఫైటర్ల ఇళ్లే, అంటే సినిమాల్లో హీరో చేతిలో దెబ్బలు తిని అద్దాల మీదా బల్లల మీదా పడేవాళ్లవి. నాన్న సూరిబాబుది గోదావరి వైపు. కుర్రతనంలో మద్రాసు పారిపోయి ఫైటర్‌గా చేరి, పరిశ్రమ ఇటు తరలినప్పుడు దాంతో పాటే వచ్చాడు. అమ్మ సుగుణ ఇక్కడి మనిషి. ఈ గుట్టల మీదే రాళ్లు కొట్టడానికి మెదక్ వైపు నుంచి వచ్చిన తాత కూతురు. మా ఎదురింటి యాదగిరి మామ అమ్మ వాళ్ల ఊరివాడే, సొంత అన్న కాకపోయినా అంతకంటే ఎక్కువ. అమ్మ ఏటా అతనికి రాఖీ కట్టేది. మామ కూడా ఫైటరే, నాన్నను ఫైటింగులకు తీసుకుపోయినప్పుడల్లా వెంట ఉండేవాడు. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే ఒడ్డూ పొడుగూ. మామ భార్య బాలమణి అత్తకూ అమ్మకూ పొయ్యిలు వేరు గానీ కూర ఒకటే. పొద్దున ఆ ఇంట్లో సర్వపిండి కాలిస్తే సగం మా ఇంటికి వచ్చేది; నాన్న కోసం అమ్మ తంటాలు పడి నేర్చుకున్న గోంగూర రొయ్యలు వండితే గిన్నె అటు పోయేది.

పిల్లల ఆటలు కూడా తగ్గట్టే ఉండేవి. దాగుడుమూతలు ఆడినంతసేపు చావడం ఆడేవాళ్లం. గుండు తగిలితే ఎలా పడాలి, కత్తి దిగితే ఎలా పడాలి, మెట్ల మీద దొర్లేటప్పుడు మెడ ఎక్కడ దాచుకోవాలి, ఇవన్నీ నాకు ఎక్కాల కంటే ముందు వచ్చాయి. దసరా నాడు తాళ్లు, పాత పరుపులు, రబ్బరు కత్తులు, చిరిగిన అట్టపెట్టెలు కూడా పసుపు బొట్లు పెట్టించుకుని గల్లీ మధ్య వరసగా కూర్చునేవి. యాటను కోసి ఆ రక్తం వాటి మీద చల్లేవాళ్లు. సినిమాలో పోసే ఎర్ర సిరప్పుకు అలవాటు పడ్డ మాకు ఆ అసలు రక్తం రంగు తక్కువగా కనిపించేది.

ఇంటి వెనక పేలి మిగిలిన రాళ్ల సందుల్లో అమ్మ కలబంద తోట ఉండేది. తోట అంటే మట్టి ఉన్నది కాదు. పగిలిన రాతి పొడి, ఎండిన పేడ, పెంకుల ముక్కలు కలిపి సందుల్లో కూరి, అందులో నాటేది. పెద్ద మొక్క చుట్టూ పిలకలు లేచి, ఒకదాన్నొకటి తోసుకునే దాకా ఆగేది. అప్పుడు కలుపు తీసే కుర్పితో పక్క నుంచి తవ్వి, తల్లికీ పిల్లకూ మధ్య ఉన్న బొడ్డులాంటి వేరును ఒక్క వేటుకు తెంచేది. తెంచిన పిలకను వెంటనే నాటనిచ్చేది కాదు. నీడలో, రాతి మీద పడేసి, తెగినచోట పక్కు కట్టే దాకా ఉంచేది. పచ్చి గాయంతో మట్టిలో పెడితే కుళ్లుతుంది. నాటాక కూడా కొన్నాళ్లు చుక్క నీరు పోసేది కాదు. దయతలిచి నేను చెంబుతో పోస్తే వీపు విమానం మోత మోగించేది. నీళ్ల కోసం మనుషులు తలలు పగలగొట్టుకునే చోట, నీళ్లు వద్దనే ఆ మొక్కే మాకు సరిపోయింది. ఫైటర్లు బెణుకులతో, కమిలిన వీపులతో, తాడు ఒరుసుకున్న అరచేతులతో సాయంత్రం వచ్చి మా వెనక అరుగు మీద వరసగా కూర్చుంటే, అమ్మ మట్టలు చీల్చి గుజ్జు రాసేది. మంట షాట్‌కు పోయేవాళ్లు ఒళ్లంతా ఆ గుజ్జు పట్టించుకుని, దాని మీద తడిబట్టలు, ఆ పైన షాట్ బట్టలు వేసుకునేవాళ్లు.

ఆ మొక్కతోనే మా గల్లీకి ఒక కట్టుబాటు ఉండేది. కొత్త దుకాణాలకీ కొత్త ఇళ్లకీ కలబందను వేళ్లు పైకి పెట్టి గుమ్మానికి వేలాడదీయడం ఊరంతా ఉన్నదే. మట్టీ నీరూ లేకుండా గాలి మీదే అది నెలల తరబడి బతుకుతుంది. మా గల్లీలో ప్రతి ఫైటర్ ఇంటి గుమ్మానికీ ఒకటి ఉండేది. ప్రమాదకరమైన షాట్ వస్తే భార్య పాతది తీసి, అమ్మ దగ్గర కొత్త మొక్క తెచ్చి కట్టేది. మనిషి బయలుదేరే పొద్దుకి అది పచ్చగా ఉంటే పోవచ్చు. మెత్తబడితే ఆ మనిషి ఇల్లు కదలడు. ఫైట్ మాస్టర్ అంతటివాడు కూడా ఆ మాటకు ఎదురు చెప్పేవాడు కాదు.

నాన్నకు మంట షాట్ వచ్చింది. ఊరి బయట మైదానంలో రెండంతస్తుల బంగళా సెట్ వేశారు. అది తగలబడుతుంటే, ఒళ్లంతా మంటలతో పై కిటికీలోంచి అట్టపెట్టెల మీదికి దూకాలి. చేస్తే అసిస్టెంట్ మాస్టర్ అవుతానని నాన్న ఆశ. అమ్మ మాత్రం ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం ముట్టలేదు. అంతకు ముందు ఎండాకాలమే పక్క గల్లీ ఫైటర్ ఒకతను అలాంటి షాట్‌కే పోయి తెల్లగుడ్డలో తిరిగి వచ్చాడు. ఆ గుడ్డ తీసి చూపించమని అతని తల్లి అరుస్తుంటే, ఆవిడ చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నది అమ్మే. అప్పుడు గుడ్డ తొలగింది, అమ్మ చూసింది.

"పోకుండ్రి. మీకు దండం పెడ్త" అంది.

"మాస్టారు నన్ను నమ్మి పెట్టుకున్నాడే. ఇప్పుడు మానేస్తే ఇంకోసారి పిలుస్తాడా?" అన్నాడు నాన్న. "నీ మొక్క పచ్చగానే ఉందిగా."

షాట్‌కు ముందు రోజు పొద్దున నాన్న ప్రాక్టీసుకు పోయాక, అమ్మ అన్నం వార్చింది. నేను మంచినీళ్ల బిందెతో వచ్చేసరికి, స్టూలెక్కి గుమ్మం మీది కలబందను దించుతోంది. దాన్ని బేసిన్‌లో నిలబెట్టి, మట్టలను రెండు చేతులా విడదీసి, మొవ్వు కనిపించేలా పట్టుకుని, పొయ్యి మీద ఇంకా బుడగలు వస్తున్న గంజి ఎత్తి అందులో పోసింది. చుయ్‌మంది. ఆవిరిలో అమ్మ మొహం పక్కకు తిప్పుకోలేదు. మళ్లీ పోసింది. తర్వాత కొంగుతో శుభ్రంగా తుడిచి, ఎప్పటిలాగే వేళ్లు పైకి పెట్టి కట్టింది.

"ఏంది గట్ల చూస్తున్నవ్? బిందె దించు" అంది. నేను దించాక గడ్డం పట్టుకుని, "మీ నాన్న బతకాలె బిడ్డా. గంతే. ఎవ్వలతోని అనకు" అంది. వేళ్లు కాలి ఎర్రగా ఉన్నాయి. వాటికి ఏమీ రాసుకోలేదు.

తెల్లారి నాన్న బూట్లు కట్టుకుంటూ తలెత్తి చూశాడు. మట్టలన్నీ ఉడికిన బీరతొక్కల్లా వేలాడుతున్నాయి. లేచి వేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది.

"సుగుణా, ఏంటే ఇది?"

"కుళ్లింది. కనవడ్తలేదా?"

నాన్న గడప మీద కూర్చుండిపోయాడు. వ్యాన్ హారన్ కొట్టీ కొట్టీ, చివరికి మాస్టరే గల్లీలోకి వచ్చాడు. మొక్కను చూశాడు, వాసన చూశాడు, నాన్న భుజం మీద చెయ్యేసి నొక్కాడు. మద్రాసు నుంచి వచ్చిన ఫైటర్లు కూడా ఉన్నారు కాబట్టి షాట్ వాళ్లకు పోతుందని అమ్మ లెక్క. మాస్టర్ మాత్రం వెనక్కి తిరిగి, ఎదురింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ వేలాడుతున్న మొక్క నిగనిగలాడుతోంది.

"యాదగిరీ, నీది బాగున్నట్టుందే?"

మామ వేపపుల్ల నోట్లోంచి తీశాడు. "మంచిగుంది మాస్టర్. బావ బట్టలు నాకు సరిపోతయ్."

అమ్మ గడప దిగి గల్లీలోకి వచ్చింది. "అన్నా, నువ్వు పోకు" అంది.

"ఎందుకే చెల్లె? నా మొక్క పచ్చగ లేదా? నువ్విచ్చిందే గద" అని మామ నవ్వాడు. అమ్మ నోరు తెరిచింది. చుట్టూ మాస్టరూ వ్యాన్ డ్రైవరూ బాలమణి అత్తా ఉన్నారు, గడప మీద నాన్న తల వంచుకుని ఉన్నాడు. తెరిచిన నోటిలోంచి మాట రాకముందే వ్యాన్ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం గుట్ట మీద రోజూ అయ్యే పేలుడు అయ్యాక కబురు వచ్చింది. గాలి తిరిగి మంట మొహం మీదికి రావడంతో మామకు కిటికీ కనిపించలేదట, దూకడం ఆలస్యమైందట, పెట్టెల మీద పడ్డాక కూడా మండుతూనే ఉన్నాడట. తడి గోనెసంచులు కప్పిన నలుగురి అరచేతులూ కాలాయి. మామకు కుడి చెయ్యి, వీపు, మెడ దాకా కాలిపోయింది. బాలమణి అత్త గల్లీ మధ్య కూర్చుని తల నేలకు కొట్టుకుంటుంటే, ఆపడానికి పోయిన నాన్న ముంజేతిని పళ్లతో పట్టి కండ ఊడేలా కొరికింది. అమ్మ వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడి, కాలిన వేళ్లను గోడకేసి రుద్దుతూనే ఉంది.

మామ బతికాడు. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి, మెడ ఒక పక్కకు లాగేసి, మోచెయ్యి ఒంటికి అతుక్కుపోయి ఇంటికి వచ్చాడు. పుండ్లు మానాయి గానీ కొత్త చర్మం బిగుసుకుని, పగిలి, దురద పెట్టేది. డాక్టర్, తనిచ్చిన మందుతో పాటు మానినచోట కలబంద గుజ్జు రాయవచ్చన్నాడు. అమ్మ రోజూ మట్టలు కోసుకుని పోయి తనే రాసేది. మామ అమ్మను చూసి నవ్వడానికి ప్రయత్నించేవాడు. "మీ మొక్క మంచిదే చెల్లె, బావను కాపాడింది" అనేవాడు. ఆ మాట గల్లీ గల్లీకీ పాకింది. నిజం చెప్పే మొక్కట, మనిషిని కాపాడిందట అని, అది పుట్టిన తల్లిమొక్క పిలకల కోసం గుట్ట మీది బంగళాల డ్రైవర్లు, కొత్త అపార్ట్‌మెంట్ల ఆడవాళ్లు, ఒకరిద్దరు చిన్న నటులు కూడా మా వెనక సందులోకి వచ్చేవాళ్లు. అమ్మ తల ఎత్తకుండా తెంచి ఇచ్చేది. పక్కు కట్టేదాకా ఆరబెట్టడం కూడా మానేసింది.

ఒక పొద్దున బాలమణి అత్త తన గుమ్మం మీది మొక్కను పీకి తెచ్చింది. అది ఇంకా పచ్చగానే ఉంది. మా తోట రాళ్ల మీద వేసి చెప్పుతో కొట్టడం మొదలుపెట్టింది. "దొంగముండ. నిగనిగలాడి నా మొగన్ని తోలింది. నీది నిజం జెప్పింది సుగుణా, నాది అబద్ధం జెప్పింది. నీ తల్లిమొక్కది ఒక్క పిలక ఇయ్యి, ఇది వద్దు నాకు" అంది.

అమ్మ చేతిలో కుర్పి ఉంది. దాన్ని కింద పెట్టింది.

"నీ మొక్క అబద్ధం జెప్పలే వదినె. నాదే జెప్పింది. మరిగే గంజి నేనే పోసిన. ఈయన పోవద్దని పోసిన. అన్న పోతడనుకోలే."

అత్త అమ్మ జుట్టు పట్టుకుంది. రాతి మీదికి ఈడ్చి, చెప్పుతో, చేతులతో, చివరికి చేతికందిన కలబందను వేళ్లతో సహా పెరికి దాంతోనే కొట్టింది. మట్టల అంచు ముళ్లు అమ్మ చెంపను, మెడను గీరుతుంటే పసరూ రక్తమూ కలిసి జాకెట్టు తడిసింది. నేను అత్త నడుం పట్టుకుని లాగుతుంటే మోచేత్తో నా పెదవి పగిలింది. అరుపులకు నాన్న పరిగెత్తుకొచ్చాడు. అమ్మ కిందపడి ఉండే, "ఆపకుండ్రి. కొట్టనియ్యిండ్రి" అంది. నాన్నకు ఎందుకో తెలియదు. అత్తే చెప్పింది, కొడుతూనే చెప్పింది. విన్న నాన్న ఎత్తిన చేతులు దించేశాడు.

కొట్టి కొట్టి అత్త అలిసిపోయింది. రొప్పుతూ కూర్చుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, నేల మీది కుర్పి తీసుకుని, విరగకుండా మిగిలిన మట్టలు వెతికి కోసి ఒళ్లో వేసుకుంది. మామకు రాయాల్సిన వేళ అయింది. గల్లీ దాటి వెళ్లిపోయింది.

నాన్న ఆ రోజే ప్రాక్టీసు మైదానానికి పోయి అందరి ముందూ జరిగింది చెప్పాడు. నన్ను వెంట తీసుకుపోయాడు; అమ్మ దగ్గర వదలడానికి మనసొప్పలేదో, ఒంటరిగా పోలేకపోయాడో. మాస్టర్ అతని చెంప మీద కొట్టాడు. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. బతుకంతా దెబ్బ వచ్చే వైపు నుంచి తల తిప్పడం సాధన చేసిన మనిషి, ఆ రోజు తిప్పలేదు. సినిమాలో దెబ్బకు చప్పుడు తర్వాత కలుపుతారు. నిజం దెబ్బకు అంత చప్పుడు ఉండదని అప్పుడే తెలిసింది. ముక్కు నుంచి కారిన రక్తం చొక్కాతో తుడుచుకుని, యాదగిరికి రావలసిన మంట షాట్లూ ఎత్తు దూకుళ్లూ ఇకమీద నేనే చేస్తాను, నా గుమ్మానికి మొక్క ఉండదు అన్నాడు.

సాయంత్రానికి గల్లీలో ప్రతి గుమ్మం మీది మొక్కా దిగింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా వెనక రాళ్ల మీదికి విసిరి, ఉమ్మి పోయారు. మొహం వాచిన అమ్మ వాటిని ముట్టుకోలేదు. ఎండలో పడి పడి వాటి గాయాలు వాటంతటవే ఆరాయి. వానలు పడగానే పడ్డచోటే వేళ్లు పట్టాయి. ఆ ఏడు మా తోట ఎన్నడూ లేనంత దట్టంగా పెరిగింది. ఒక్కరూ ఒక్క మట్ట అడగలేదు, అత్త ఇంటికి తప్ప. అమ్మ కోసి ఇచ్చేది, నేను గల్లీ దాటి తీసుకుపోయేదాన్ని, అత్త గడప దగ్గర అందుకుని తలుపు వేసేది.

నాన్న అన్నట్టే చేశాడు. ప్రతి షాట్‌కూ అమ్మ ఉత్త గుమ్మం కింద నిలబడి సాగనంపేది. ఎముకలు విరిగాయి, వీపు కాలింది, కానీ నాన్న మంటల్లో పోలేదు. మోకాళ్లు అరిగి, ఇంటి ముందు కుర్చీలో కూర్చుని, ఒక సాయంత్రం టీ చల్లారకముందే పోయాడు.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. మా తోట ఉన్నచోట కార్లు నిలుపుకునే నేలమాళిగ వచ్చింది, దాని మీద అంతస్తులకు అంతస్తులు. మంటలు కంప్యూటర్‌లో పెడుతున్నారట, దూకేవాడి నడుముకు కట్టిన తీగను కూడా అక్కడే చెరిపేస్తారట. మంచిదే. ఫైటర్ల గల్లీ చెదిరిపోయింది. మేం బోరబండలో రైలు పట్టాలకు ఇటు పక్క, యాదగిరి మామ వాళ్లు అటు పక్క చేరాం. అమ్మ డాబా మీద పెయింట్ డబ్బాల్లో కలబందలు పెంచుతూనే ఉంది. ఆదివారం ఆదివారం మట్టలు నాతో పంపేది. ఇన్నేళ్లలో ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య నడిచింది అదొక్కటే.

పోయిన ఎండాకాలం మామ పోయాడు. పదకొండో రోజు దాటాక ఆదివారం, ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి, అమ్మ మట్టలు కోసి ఇచ్చింది. నేను తీసుకుపోయాను. బాలమణి అత్త సంచిలోకి చూసింది, తిరిగి నా చేతికిచ్చింది.

"ఇగ తేకు బిడ్డా. రాయనీకి ఒళ్లు లేదు" అంది. నేను మెట్లు దిగుతుంటే మళ్లీ పిలిచింది. "మీ అమ్మకు చెప్పు. నాకు ఆ ఆలోచనొస్తే నేను గూడ పోస్తుంటినని చెప్పు. అయినా నా గడప తొక్కద్దని గూడ చెప్పు."

రెండు మాటలూ అదే వరసలో అమ్మకు చెప్పాను. మొదటి మాటకు అమ్మ మొహంలో ఏమీ కదల్లేదు. రెండో మాటకు, సరే అన్నట్టు తల ఊపింది.